నెలలు నిండని శిశువులకు ఆక్సిజన్ చికిత్స - గుండె, రక్తనాళాలపై దీర్ఘకాలిక ప్రభావాలు

నెలలు నిండకుండా, అనగా 37 వారాల గర్భం పూర్తికాక ముందే పుట్టిన శిశువుకు ఊపిరితిత్తులు పూర్తిగా సిద్ధమై ఉండవు. అటువంటి శిశువు ప్రాణం నిలపడానికి ఇచ్చే ఆక్సిజన్ (ప్రాణవాయువు, ఆమ్లజని) ఇరవయ్యవ శతాబ్దపు వైద్యం సాధించిన గొప్ప విజయాలలో ఒకటి. అయితే ఇది మోతాదు మించితే కీడు చేసే మందు కూడా. కంటికి కలిగే కీడు 1950లలోనే తెలిసింది. గుండె, రక్తనాళాలు, మూత్రపిండాలపై దాని ప్రభావం పుట్టినపుడు కనబడకపోయినా యౌవనంలో రక్తపోటు రూపంలో బయటపడవచ్చునన్న సంగతి 2000ల నుండి జరిగిన పరిశోధనలలో వెల్లడవుతూ వచ్చింది. ఈ వ్యాసం ప్రధానంగా ఆ రెండవ విషయానికి సంబంధించినది.

స్థానిక నేపథ్యం

చేవెళ్ళ, మొయినాబాదు తెలంగాణ రాష్ట్రం, రంగారెడ్డి జిల్లాలోని మండల కేంద్రాలు. హైదరాబాదు నుండి వికారాబాదు, బీజాపూరు వైపు పోయే రహదారిపై మొదట మొయినాబాదు, తరువాత చేవెళ్ళ వస్తాయి. ఈ దారిలోని పెద్ద పెద్ద మర్రిచెట్లు ప్రసిద్ధి చెందినవి. కూరగాయలు, పూలు పండించే రైతు కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతంలో ఇప్పుడు వైద్య కళాశాలలు కూడా ఉన్నాయి. మొయినాబాదు మండలం ఎంకేపల్లిలో భాస్కర వైద్య కళాశాల, చేవెళ్ళలో పట్నం మహేందర్ రెడ్డి వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నాయి. బరువు మరీ తక్కువగా పుట్టిన బిడ్డను నగరానికి తరలించవలసి వస్తే ఎక్కువ మందికి మొదట గుర్తుకు వచ్చే పేరు నిలోఫర్ ఆసుపత్రి. ఇది 1953లో ప్రారంభమైనది. తన పరిచారిక ఒకరు కాన్పులో మరణించడంతో కలత చెందిన యువరాణి నిలోఫర్ చొరవతో ఈ ఆసుపత్రి ఏర్పడినదని చెబుతారు.

దారి దూరం తక్కువే అయినా ఈ తరలింపు సమయం ఆక్సిజన్ విషయంలో చాలా ముఖ్యమైనది. సిలిండరు నుండి వచ్చేది దాదాపు నూటికి నూరు శాతం ఆక్సిజన్. మనం పీల్చే గాలిలో ఉండేది 21 శాతమే. రెండింటినీ కావలసిన పాళ్ళలో కలిపే పరికరాన్ని బ్లెండరు అంటారు. బ్లెండరు లేనిచోట, సంతృప్తతను కొలిచే పల్స్ ఆక్సీమీటరు బిడ్డ కాలికి కట్టనిచోట, శిశువుకు ఎంత ఆక్సిజన్ అందుతున్నదో ఎవరికీ తెలియదు. బిడ్డ నీలిరంగు పోయి ఎర్రబడితే చాలునని అందరూ ఊరట చెందుతారు. ఎర్రబడిన బిడ్డకు అవసరానికి మించి అందుతున్నదా లేదా అన్నది చర్మం రంగు చూసి చెప్పడం సాధ్యం కాదు.

2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 1 కోటి 34 లక్షల మంది శిశువులు నెలలు నిండకుండా పుట్టారని అంచనా. అందులో 30 లక్షలకు పైగా భారతదేశంలోనివారే. ఏ దేశంతో పోల్చినా ఇదే అత్యధికం. "ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు" అనే మాట మన ఇళ్ళలో ఇంకా వినబడుతూ ఉంటుంది. ఇది నిజం కాదు. గర్భంలో గడిపిన ప్రతి అదనపు వారం శిశువుకు మేలే చేస్తుంది.

గర్భంలో ఆక్సిజన్

ఈ విషయం అర్థం కావాలంటే గర్భస్థ శిశువు ఎంత తక్కువ ఆక్సిజన్‌తో పెరుగుతుందో తెలుసుకోవాలి. పెద్దల ధమనులలో ఆక్సిజన్ పీడనం 80 నుండి 100 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. గర్భస్థ శిశువు రక్తంలో అది సుమారు 25 నుండి 30 మాత్రమే. ఆంగ్ల శరీరధర్మ శాస్త్రవేత్త జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ దీనిని ఎవరెస్టు శిఖరం మీది పరిస్థితితో పోల్చాడు. ఇది లోపం కాదు, ప్రకృతి చేసిన ఏర్పాటు. గర్భస్థ శిశువు హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకొనే రకం. కొద్దిపాటి ఆక్సిజన్‌లోనే కొత్త రక్తనాళాలు మొలకెత్తుతాయి, మూత్రపిండాలలో వడపోత గొట్టాలు (నెఫ్రాన్లు) ఏర్పడతాయి, గుండె కండర కణాలు విభజన చెందుతాయి. ఆక్సిజన్ తక్కువగా ఉండడమే ఈ నిర్మాణానికి సంకేతం.

28 వారాలకే పుట్టిన శిశువు నిర్మాణం సగంలో ఉండగా బయటికి వస్తుంది. మామూలు గాలి పీల్చినా ఆ శిశువుకు అది గర్భంలో దొరికిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దానిపైన అదనపు ఆక్సిజన్ ఇస్తే తేడా ఇంకా పెరుగుతుంది. ఆక్సిజన్ నుండి పుట్టే స్వేచ్ఛా రాశులను (ఫ్రీ రాడికల్స్) అణచే కెటలేజ్, సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ వంటి ఎంజైములు శిశువులో తయారయ్యేది గర్భం చివరి వారాలలోనే. ముందుగా పుట్టిన బిడ్డ ఈ కవచం లేకుండానే ఆక్సిజన్‌ను ఎదుర్కొంటుంది.

చరిత్ర

1942లో బోస్టన్ నగరానికి చెందిన కంటి వైద్యుడు థియోడర్ టెర్రీ నెలలు నిండని శిశువులలో ఒక కొత్త రకం అంధత్వాన్ని వర్ణించాడు. దానినే ఇప్పుడు నెలలు నిండని శిశువుల రెటినోపతి (ఆర్.ఓ.పి.) అంటారు. మంచి పరికరాలున్న పెద్ద ఆసుపత్రులలోనే ఈ జబ్బు ఎక్కువగా కనబడడం అందరినీ ఆశ్చర్యపరచింది. 1951లో మెల్‌బోర్న్‌కు చెందిన కేట్ కాంప్‌బెల్ దీనికి కారణం ఆక్సిజన్ కావచ్చునని ప్రచురించింది. 1953-54లో అమెరికాలోని 18 ఆసుపత్రులు కలసి జరిపిన పరీక్ష దీనిని నిర్ధారించింది. అప్పటికే ప్రపంచమంతటా సుమారు 10,000 మంది శిశువులు చూపు కోల్పోయారు. 1950లో నెలలు నిండకుండా పుట్టిన అమెరికన్ గాయకుడు స్టీవీ వండర్ కూడా ఈ విధంగానే చూపు కోల్పోయాడు.

తరువాత జరిగినది కూడా అంతే విషాదకరం. భయపడిన వైద్యులు ఆక్సిజన్‌ను 40 శాతం దాటనీయకుండా కట్టడి చేశారు. అంధత్వం తగ్గినది కాని శ్వాస అందక చనిపోయే శిశువుల సంఖ్య పెరిగినది. చూపు దక్కిన ఒక్కొక్క బిడ్డకు సుమారు 16 మంది బిడ్డలు ప్రాణం పోగొట్టుకొని ఉంటారని 1973లో కెన్నెత్ క్రాస్ లెక్క కట్టాడు. ఆక్సిజన్ ఎక్కువైతే ప్రమాదమని తెలిసిన వెంటనే దాన్ని తగ్గించడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. ఈ వ్యాసంలో ఇకముందు చెప్పే గుండె సంబంధమైన విషయాలను కూడా పాఠకులు ఈ దృష్టితోనే చదవాలి.

1967లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో విలియం నార్త్‌వే బృందం ఎక్కువ ఆక్సిజన్, కృత్రిమ శ్వాస అందుకున్న శిశువుల ఊపిరితిత్తులు మచ్చలు పడి గట్టిపడడాన్ని వర్ణించింది. దీనికి బ్రాంకోపల్మొనరీ డిస్‌ప్లేసియా అని పేరు పెట్టారు.

పుట్టగానే ఊపిరి అందని బిడ్డకు నూరు శాతం ఆక్సిజన్ ఇవ్వడం చాలా కాలం నియమంగా ఉండేది. ఈ నియమాన్ని ప్రశ్నించిన తొలి పరీక్షలలో ఒకటి మనదేశంలోనే జరిగింది. ఢిల్లీలోని మౌలానా ఆజాద్ వైద్య కళాశాలకు చెందిన సిద్ధార్థ్ రాంజీ, నార్వేకు చెందిన ఓలా సాగ్‌స్టాడ్‌తో కలసి 1993లో ప్రచురించిన పరిశీలనలో మామూలు గాలి కూడా సరిపోతుందని తేలింది. 1998లో ఆరు దేశాలలో 609 మంది శిశువులపై జరిగిన పరీక్ష దీనిని బలపరచింది. ఫలితంగా 2010లో అంతర్జాతీయ సూచనలు మారాయి. నెలలు నిండిన బిడ్డకు మామూలు గాలితోనూ, 35 వారాల లోపు బిడ్డకు 21 నుండి 30 శాతం ఆక్సిజన్‌తోనూ మొదలుపెట్టి, ఆక్సీమీటరు చూస్తూ అవసరమైతే పెంచాలన్నది ఆ తరువాత స్థిరపడిన పద్ధతి.

గుండె, రక్తనాళాలపై ప్రభావం

కంటిపొరలో జరిగేది బయటి నుండి చూడగలిగినది కాబట్టి ముందుగా అర్థమైనది. ఆక్సిజన్ ఎక్కువైనపుడు రక్తనాళాలను పెంచే వి.ఇ.జి.ఎఫ్. అనే ప్రోటీను తగ్గిపోయి, రెటీనాలో నాళాల పెరుగుదల ఆగిపోతుంది. శరీరంలో మిగిలిన చోట్ల కూడా ఇటువంటిదే జరుగుతుందా అన్న ప్రశ్న నుండి గుండె పరిశోధన మొదలైంది.

కెనడాలోని మాంట్రియాల్‌లో ఆన్ మోనిక్ నూయీ బృందం చేసిన ఎలుకల ప్రయోగాలు ఇందులో ముఖ్యమైనవి. ఎలుక పిల్ల పుట్టేనాటికి దాని అవయవాలు నెలలు నిండని మానవ శిశువు అవయవాల దశలో ఉంటాయి. అందుకే ఆ జంతువును ఎంచుకున్నారు. పుట్టిన మూడవ రోజు నుండి పదవ రోజు వరకు పిల్లలను 80 శాతం ఆక్సిజన్‌లో ఉంచి, తరువాత మామూలు గాలిలో పెంచారు. 2008లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఆ ఎలుకలు పెద్దవయ్యాక వాటి రక్తపోటు పెరిగింది, ధమనులు బిరుసెక్కాయి, సూక్ష్మ రక్తనాళాలు పలచబడ్డాయి, మూత్రపిండాలలో నెఫ్రాన్ల సంఖ్య తగ్గింది. వారం రోజుల ఆక్సిజన్ ఫలితం జీవితాంతం మిగిలినదన్నమాట. 2014లో అదే బృందం గుండె కండరం మందమై, పనితీరు తగ్గడాన్ని కూడా చూపింది. రక్తపోటును నియంత్రించే రెనిన్-యాంజియోటెన్సిన్ వ్యవస్థ ఉత్తేజితం కావడం ఇందుకు ఒక కారణమని, దానిని అడ్డుకొనే లోసార్టాన్ మందు ఇచ్చినపుడు ఎలుకలలో గుండె చాలావరకు కాపాడబడిందని తరువాత తేలింది. శిశువులకు ఈ మందు ఇవ్వవచ్చునని దీని అర్థం కాదు. ఎదుగుతున్న మూత్రపిండాలకు ఈ రకం మందులే హాని చేస్తాయి.

నెఫ్రాన్ల సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి. మనిషిలో నెఫ్రాన్లు సుమారు 34-36 వారాల గర్భం వరకే ఏర్పడతాయి. తరువాత కొత్తవి పుట్టవు. తక్కువ నెఫ్రాన్లతో మిగిలినవారికి ఉప్పును బయటకు పంపే శక్తి తక్కువగా ఉండి, వయసు పెరిగేకొద్దీ రక్తపోటు పెరుగుతుందని 1988లో బ్యారీ బ్రెన్నర్ ప్రతిపాదించాడు. ఊరగాయలు, పచ్చళ్ళు లేనిదే ముద్ద దిగని మన భోజనానికి ఈ ప్రతిపాదన దగ్గరి సంబంధం కలది.

గుండె కణాల విషయంలో అమెరికాలోని డాలస్‌లో హెషామ్ సాదెక్ బృందం 2014లో ఒక ఆసక్తికరమైన సంగతి ప్రచురించింది. పుట్టిన తరువాత ఎలుక పిల్లల గుండె కణాలు విభజన ఆపివేయడానికి కారణం గాలిలోని ఆక్సిజనే. ఆక్సిజన్ వలన కణంలోని డి.ఎన్.ఎ.కు దెబ్బ తగిలి కణవిభజన ఆగిపోతుంది. ఎలుక పిల్లలను తక్కువ ఆక్సిజన్‌లో ఉంచినపుడు ఆ విభజన ఇంకొన్ని రోజులు సాగింది. దీనినిబట్టి ముందుగా పుట్టిన బిడ్డ గుండె తక్కువ కణాలతోనే జీవితమంతా నెట్టుకురావలసి రావచ్చునని ఊహిస్తున్నారు.

ఊపిరితిత్తుల దారిలోనూ గుండెకు బాధ కలుగుతుంది. పైన చెప్పిన బ్రాంకోపల్మొనరీ డిస్‌ప్లేసియా తీవ్రంగా ఉన్నపుడు ఊపిరితిత్తుల ధమనులలో పీడనం పెరిగి కుడి జఠరికపై భారం పడుతుంది.

మనుషులలో తెలిసినది

నెలలు నిండని శిశువుల సంరక్షణ మెరుగుపడిన 1970లు, 1980లలో పుట్టిన పిల్లలు ఇప్పుడు నడివయసుకు చేరారు. కాబట్టి వారి గుండె పరిస్థితిని పరీక్షించే అవకాశం చరిత్రలో మొదటిసారి దొరికింది. పలు పరిశీలనలను కలిపి చూసినపుడు వీరి సిస్టోలిక్ రక్తపోటు (పై అంకె) నెలలు నిండి పుట్టినవారి కంటే సగటున 3-4 మిల్లీమీటర్లు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. ఒక వ్యక్తి విషయంలో ఇది చిన్న తేడా. లక్షల మందిలో చూసినపుడు పక్షవాతం, గుండెపోటుల సంఖ్యను మార్చగలిగినంత తేడా.

2013లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆడం లెవాండోవ్‌స్కీ బృందం ఎం.ఆర్.ఐ. సాయంతో 20-39 ఏళ్ళ వారి గుండెలను పరిశీలించింది. నెలలు నిండకుండా పుట్టినవారి ఎడమ జఠరిక పొట్టిగా, గోడలు మందంగా, లోపలి గది చిన్నదిగా ఉన్నట్లు కనుగొన్నది. స్వీడన్ దేశపు జనన నమోదులలో 1973-1994 మధ్య పుట్టిన 21 లక్షల మందిని పరిశీలించిన కేసీ క్రంప్ బృందం 2019లో, నెలలు నిండకుండా పుట్టినవారికి 30-43 ఏళ్ళ వయసులో గుండె ధమనుల జబ్బు సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా వచ్చినదని ప్రకటించింది. ఆ వయసులో ఈ జబ్బు అరుదు కనుక ఒకటిన్నర రెట్లయినా మొత్తం సంఖ్య తక్కువే.

ఇందులో ఆక్సిజన్ వాటా ఎంత? ఇది తేల్చడం చాలా కష్టం. ఆక్సిజన్ ఎక్కువగా అందుకున్న బిడ్డ మిగిలినవారికంటే ముందుగా పుట్టిన బిడ్డ, ఎక్కువ జబ్బుపడిన బిడ్డ కూడా. తల్లికి గుర్రపువాతం ఉండి ఉండవచ్చు. బిడ్డకు స్టెరాయిడ్లు ఇచ్చి ఉండవచ్చు. వీటిని విడదీసి ఆక్సిజన్‌ను మాత్రమే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. అయితే కొన్ని ఆధారాలు ఉన్నాయి. 2002లో స్వీడన్ పరిశోధకులు నెలలు నిండకుండా పుట్టిన యువతులలో రెటీనా నాళాల అమరిక మారి ఉండడాన్ని, రక్తపోటు ఎక్కువగా ఉండడాన్ని ఒకేచోట గమనించారు. కంటిలోని నాళాలు, శరీరంలోని నాళాలు ఒకే కథ చెబుతున్నాయన్నది వారి అభిప్రాయం. జంతు ప్రయోగాలు కారణాన్ని చూపుతున్నాయి, మానవ పరిశీలనలు సంబంధాన్ని చూపుతున్నాయి. ఈ రెంటి మధ్య వంతెన ఇంకా పూర్తి కాలేదు.

హైదరాబాదు పల్లెల అధ్యయనం

జీవితారంభంలోని పరిస్థితులే నడివయసు గుండెజబ్బుకు బీజం వేస్తాయన్న సిద్ధాంతాన్ని 1980లలో ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ ప్రచారంలోకి తెచ్చాడు. ఈ సిద్ధాంతానికి తెలుగునేల ఇచ్చిన ముఖ్యమైన సాక్ష్యం ఒకటి ఉన్నది. ఇది ఆక్సిజన్‌కు సంబంధించినది కాదు, ఆహారానికి సంబంధించినది. అయినా మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చిన పెద్ద అధ్యయనం ఇదే.

1987-1990 మధ్య జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదు సమీపంలోని 29 గ్రామాలను ఎంచుకొన్నది. 15 గ్రామాలలో అంగన్‌వాడీ పథకం క్రింద గర్భిణులకు, ఆరేళ్ళ లోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. మిగిలిన 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికి చేరలేదు. పిల్లలు 13-18 ఏళ్ళ వయసుకు వచ్చాక 1,165 మందిని మళ్ళీ పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఉప్మా తిన్న గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగారు. వారి ధమనులు తక్కువ బిరుసుగా ఉన్నాయి. ఇన్సులిన్‌కు శరీరం బాగా స్పందించింది. రక్తపోటు, కొవ్వులలో మాత్రం తేడా కనబడలేదు. ఈ పిల్లలను పెద్దయిన తరువాత కూడా పరిశీలిస్తూనే ఉన్నారు. ఒక పూట ఉప్మా పదిహేనేళ్ళ తరువాత ధమనిలో కనబడిందంటే, శైశవంలో ఇచ్చే ఏ చికిత్సనైనా ఎంత జాగ్రత్తగా చూడాలో ఊహించవచ్చు.

ఎంత ఆక్సిజన్ ఇవ్వాలి

ఈ ప్రశ్నకు సమాధానం కోసం అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ తదితర దేశాలలో 28 వారాల లోపు పుట్టిన 4,965 మంది శిశువులపై ఐదు పరీక్షలు జరిగాయి. వాటిని కలిపిన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ఆక్సిజన్ సంతృప్తతను 85-89 శాతం వద్ద ఉంచినపుడు 19.9 శాతం మంది, 91-95 శాతం వద్ద ఉంచినపుడు 17.1 శాతం మంది మరణించారు. తక్కువ ఆక్సిజన్ జట్టులో కంటి చికిత్స అవసరమైనవారు 10.9 శాతం, ఎక్కువ జట్టులో 14.9 శాతం. అంటే కంటికి మంచిదైనది ప్రాణానికి మంచిది కాలేదు. కంటికి చికిత్స ఉన్నది, మరణానికి లేదు. అందుచేత 90-95 శాతం మధ్య ఉంచడం ఇప్పుడు ఎక్కువమంది పాటించే పద్ధతి.

కోవిడ్ కాలంలో పల్స్ ఆక్సీమీటరు మన ఇళ్ళలోకి వచ్చింది. అంకె ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న అభిప్రాయం కూడా దానితోపాటే వచ్చింది. అదనపు ఆక్సిజన్ అందుకుంటున్న నెలలు నిండని శిశువు విషయంలో ఇది తప్పు. సంతృప్తత 100 దగ్గర ఉన్నపుడు రక్తంలో ఆక్సిజన్ పీడనం 100 ఉన్నదో 300 ఉన్నదో ఆ యంత్రం చెప్పలేదు. అదనపు ఆక్సిజన్ పెట్టిన బిడ్డకు అంకె 98, 99 చూపుతుంటే అది సంతోషించవలసిన విషయం కాదు, ఆక్సిజన్ తగ్గించవలసిన సూచన. ఆక్సిజన్ అవసరం లేకుండా మామూలు గాలితోనే 98 ఉన్న బిడ్డకు ఇది వర్తించదు.

కాన్పు ముందుగా వచ్చే సూచనలుంటే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇవ్వడం, ముక్కు గొట్టాల ద్వారా గాలి ఒత్తిడి ఇచ్చే సిపాప్ చికిత్స, తల్లి ఎదపై బిడ్డను ఉంచే కంగారూ సంరక్షణ మొదలైనవి ఆక్సిజన్ అవసరాన్నే తగ్గిస్తాయి. తల్లిపాల ప్రయోజనం గుండె వరకు చేరుతుంది. నెలలు నిండకుండా పుట్టి, బ్యాంకు నుండి తెచ్చిన తల్లిపాలు తాగిన పిల్లలకు 13-16 ఏళ్ళ వయసులో రక్తపోటు, డబ్బాపాలు తాగినవారికంటే తక్కువగా ఉన్నదని 2001లో బ్రిటన్ పరిశీలన చూపింది. నిలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి అనే తల్లిపాల బ్యాంకు ఏర్పడినది.

తరువాతి జాగ్రత్తలు

మొదటి పని కంటి పరీక్ష. 2,000 గ్రాముల లోపు బరువుతో లేదా 34 వారాల లోపు పుట్టిన ప్రతి శిశువుకు పుట్టిన 30 రోజుల లోపు రెటీనా పరీక్ష చేయించాలన్నది భారతదేశంలోని నియమం. పాశ్చాత్య దేశాలలో ఈ హద్దు 1,500 గ్రాములే. మన దగ్గర అంతకంటే బరువైన బిడ్డలకు కూడా ఈ జబ్బు రావడాన్ని హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు గుర్తించారు. జంటనగరాల నవజాత శిశు కేంద్రాలకే వెళ్ళి కళ్ళు పరీక్షించే కార్యక్రమాన్ని వారు 1990ల చివరి నుండి నడిపారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరిశీలించే జబ్బులలో ఈ రెటినోపతి, పుట్టుకతో వచ్చే గుండెజబ్బులు రెండూ ఉన్నాయి.

గుండె విషయంలో చేయవలసినది ఖరీదైనది కాదు. మామూలు పిల్లలకు మూడేళ్ళ నుండి రక్తపోటు చూడమని చెప్పే అమెరికా శిశువైద్యుల 2017 నాటి సూచనలు, 32 వారాల లోపు పుట్టిన పిల్లలకు మాత్రం అంతకంటే ముందే చూడమంటాయి. బిడ్డ చేతికి తగిన చిన్న పట్టీ ఉంటే చాలు. తరువాత ఏడాదికొకసారి చూపించుకోవడం, ఉప్పు తగ్గించడం, బరువు పెరగకుండా చూసుకోవడం, పొగ తాగకపోవడం అందరికీ చెప్పేవే అయినా వీరికి మరింత అవసరం. ఆడపిల్ల అయితే పెద్దయి గర్భవతి అయినపుడు తాను నెలలు నిండకుండా పుట్టిన సంగతి వైద్యులకు చెప్పాలి. వీరికి గర్భకాలంలో రక్తపోటు వచ్చే అవకాశం కొంత ఎక్కువ.

ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. ముప్పై ఏళ్ళ మనిషిని "మీరు ఎన్ని వారాలకు పుట్టారు?" అని అడిగే గుండె వైద్యులు తక్కువ. అడిగినా చెప్పగలిగేవారు ఇంకా తక్కువ. ఆసుపత్రి నుండి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో గర్భం వారాలు, పుట్టిన బరువు, ఆక్సిజన్ పెట్టిన రోజులు, కంటి పరీక్ష తేదీ వ్రాసి ఉంటాయి. వ్రాయకపోతే అడిగి వ్రాయించుకోవాలి. చాలా ఇళ్ళలో ఈ కాగితం బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికే కనబడకుండా పోతుంది. జనన ధ్రువపత్రంతో, టీకాల కార్డుతో పాటు దీనిని కూడా భద్రపరచి, పెద్దయ్యాక బిడ్డ చేతికి ఇవ్వడం మంచిది.